ఊగుడు పిల్లి ఎదురొస్తే లెక్కలేదు

మా మూడుకాళ్ల పిల్లికి నాలుగో కాలు ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే, గోదావరి అవతల అడవిలో చిరుతపులితో కలబడిందని చెప్తాను. ఆ చిరుతకు రెండు కాళ్లు పోయాయని కూడా కలుపుతాను. చూడ్డానికొచ్చినవాళ్లు నోరు తెరుచుకుని వింటారు. చిన్నపిల్లలైతే దానికి దండం పెట్టి మరీ వెళ్తారు. నిజానికది అడవి పందుల కోసం ఎవరో పెట్టిన ఉచ్చులో పడింది. తీగ కాల్లోకి దిగి, కుళ్లి, దవాఖానాలో తీసేయాల్సి వచ్చింది. పాపం, అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఉచ్చు కథ చెప్పి పంపడానికి నాకు మనసొప్పదు.

నేను పనిచేసేది అవిటి పిల్లుల ఆశ్రమంలో. సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, ఒకప్పుడు కోళ్ల ఫారంగా నడిచిన రేకుల షెడ్డది. ఇప్పటికీ వానాకాలం వస్తే కోళ్ల వాసన లేస్తుంది, మా పిల్లులు గోడల వంక ఆశగా చూస్తాయి. నడిపేది మణుగూరులో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. అందరం సిస్టరమ్మ అంటాం. మనుషులకు సూదులు వేసి వేసి విసుగొచ్చి పిల్లులకు వేస్తోందని నేను చెప్పే కథ. బొగ్గు లారీ తగిలి నడుము విరిగిన పిల్లిని ఒకదాన్ని తెచ్చి సాకితే, ఆ సంగతి తెలిసి జనం గోనెసంచుల్లో తెచ్చి ఆమె గేటు ముందు వదలడం మొదలుపెట్టారన్నది అసలు సంగతి.

ఆ నడుము విరిగినది దానంతటది ఒంటికి పోలేదు. రోజుకు మూడుసార్లు పొట్ట దగ్గర మెల్లగా నొక్కి పోయించాలి. ఆ పని నాది. చుట్టాల పెళ్లిళ్లలో "ఇప్పుడేం చేస్తున్నవ్ బావా?" అని అడిగితే "వాటర్ సెక్షన్ల ఇన్‌చార్జి" అంటాను. ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి. ఇంకో ముసలి గండు పిల్లికి రెండు కళ్లూ లేవు. గోడ వెంబడే మీసాలు ఆనించుకుంటూ షెడ్డంతా తిరిగొస్తుంది. బకెట్ జానెడు జరిపామా, దానికి గుద్దుకుని, అక్కడే కూర్చుని బకెట్‌ను తిడుతుంది.

ఇక ఊగుడుది. "తల్లి కడుపుల ఉన్నప్పుడే దాని చిన్నమెదడు సరిగ్గ పెరగలే. నొప్పి లేదు, రోగం లేదు. నడక ఒక్కటే గట్ల" అని సిస్టరమ్మ చెప్తుంది. పొద్దుగూకాక తాటివనం నుంచి ఇంటికి పోయే మనిషి నడక దానిది. పళ్లెం వైపు బయల్దేరి గోడ దగ్గర తేలుతుంది. సిగ్గుపడదు. తల అటూ ఇటూ ఆడించి, పళ్లెం ఎక్కడుందో మళ్లీ చూసుకుని, మళ్లీ బయల్దేరుతుంది. నా జీవితంలో అంత పట్టుదల నేను ఏ పనికీ చూపించలేదు.

షెడ్డు, చుట్టూ మిర్చి చేలు ఒక పెద్దాయనవి. వాళ్ల నాన్న కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. తెగులొచ్చి కోళ్లన్నీ పోయాక ఖాళీగా పడున్న షెడ్డును సిస్టరమ్మకు ఇచ్చాడు. ఆమె రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆయన బీపీ చూసి, ఉప్పు మీద నాలుగు చీవాట్లు పెట్టి వస్తుంది. మనిషి మంచివాడే. కాకపోతే శకునాల పట్టింపు. పిల్లి ఎదురొస్తే అంతే, వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి. అలాంటి మనిషి ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకు పోయే దారి, పిల్లుల షెడ్డు ముందు నుంచే.

మిర్చి కోతల రోజులు. సరుకు రాత్రే లారీలో ఖమ్మం యార్డుకు వెళ్లింది. పొద్దున్నే అక్కడ జెండా పాట పెడతారు, అంటే ఆ రోజు రేటు తేల్చే మొదటి వేలం. దానికి తాను స్వయంగా నిలబడాలని పెద్దాయన తెల్లవారుతూనే కారు తీశాడు. మా షెడ్డు ముందుకొచ్చేసరికి ఊగుడుది దారి మధ్యలో ఉంది. ఆయన బ్రేకు వేసి అద్దం దించాడు.

"ఏమయ్యా, దాటిందా అది?"

"దాటుతున్నది పెద్దయ్యా."

"దాటిందా, దాటలేదా? ఒకటి చెప్పు."

"ముందు కాళ్లు దాటినయ్. వెనక కాళ్లు ఇంకా ఇంటికాడనే ఉన్నయ్."

ఆయన కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, కూర్చుని, మళ్లీ వచ్చాడు. అప్పటికి అది అవతలికి వెళ్లి, పని చూసుకుని తిరిగి వస్తోంది.

"ఇదేంటయ్యా, ఇంకా ఇక్కడే ఉంది?"

ఆయన మనసు నెమ్మదించాలని "ఇది వేరే పిల్లి పెద్దయ్యా" అన్నాను.

"రెండు పిల్లులా!" అని మళ్లీ కారు తిప్పాడు.

ఆయన ఖమ్మం చేరేసరికి జెండా పాట అయిపోయి, జెండా కూడా మడిచిపెట్టారట. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "పున్నమి లోపల షెడ్డు ఖాళీ చేయండమ్మా. ఇంకా రెండు లోడ్లున్నాయి నాకు." సిస్టరమ్మ అప్పుడు మాత్రను బ్లేడుతో సగం చేస్తోంది. చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇరవై పైచిలుకు పిల్లులు. ఒక్క పిల్లి ఉందన్నా ఇల్లు కిరాయికివ్వరు. వాటిని ఎక్కడికి తీసుకెళ్తుంది?

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. మా తాత ఒక పంతులుగారికి ఎడ్లబండి తోలేవాడనీ, శకునాలన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నాడనీ మొదలుపెట్టాను.

"నాలుగు కాళ్ల మీద నిటారుగ దాటితెనే శకునం పెద్దయ్యా. మూడుకాళ్లది దాటితె ముప్పాతికే. గుడ్డిది మిమ్మల్ని చూడనే లేదాయె, ఇగ శకునం ఎక్కడిది? ఊగుడుదైతే అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. దాటిన దోషం అదే కడిగేసుకుంటది."

ఆయన వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. "మీ తాత చెప్పాడా?"

"అవ్ పెద్దయ్యా." మా తాతను నేను చూడను కూడా చూడలేదు.

రెండో లోడు రోజు ఊగుడుది మళ్లీ ఎదురొచ్చింది. ఆయన దానికో నవ్వు నవ్వి దర్జాగా వెళ్లిపోయాడు. పెనుబల్లి దగ్గర టైరు పగిలింది. స్టెప్నీ వేస్తే అదీ పగిలింది. జెండా పాట మళ్లీ పోయింది. ఆ సాయంత్రం ఆయన అరుపులకు గుడ్డిది బకెట్‌ను తిట్టడం కూడా ఆపింది.

"మీ తాతను పిలవరా ఇక్కడికి!"

తాతకో మేనత్తను కలుపుదామని నేను నోరు తెరిచేలోపే సిస్టరమ్మ నా వైపు తిరిగింది. "రోజూ తెల్లారంగ అది రోడ్డు అవతలికి ఎందుకు పోతున్నది? నువ్వు చెప్పు." మాత్ర వేసుకున్నావా అని రోగిని అడిగేటప్పుడు నర్సులు చూసే చూపొకటుంటుంది. దాని ముందు ఏ కథా నిలవదు.

చెప్పేశాను. పిల్లులకు ఉప్పు పడదని ఆమె షెడ్డులోకి ఎండు చేపలు రానివ్వదు. అందుకని నేను తెల్లవారుతూనే రోడ్డు అవతల మోరీ గట్టు మీద కూర్చుని, చద్దన్నంలో ఎండు నెత్తళ్లు నంజుకుంటాను. వాసన పట్టి ఊగుడుది వస్తుంది. తలకాయలు దానికి వేస్తాను. ఆయనకు ఎదురొచ్చిన అపశకునం పిల్లి కాదు, నేను.

"ఉప్పు చేప పెట్టినవా దానికి?"

"కడిగే పెట్టిన సిస్టరమ్మా."

"నోర్ముయ్."

పెద్దాయన మాత్రం నమ్మలేదు. "తాత అయ్యాడు, ఇప్పుడు చేపా? ఇంకా ఎన్ని కథలున్నాయి నీ దగ్గర?"

"ఈసారి నిజం పెద్దయ్యా." ఆ మాట నాకే కొత్తగా వినిపించింది.

"అయితే ఎల్లుండి నా ఆఖరి లోడు. బయల్దేరే ముందు ఆ మోరీ మీద నేనే కూర్చుంటా. అది నా దగ్గరికి రాకపోతే, పున్నమి దాకా కూడా ఆగను." సిస్టరమ్మ లోపలికి వెళ్లాక నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "నెత్తళ్లేనా? వేయించినవా, కాల్చినవా?"

ఆ రోజు రానే వచ్చింది. ఆయన కారు పక్కన పెట్టి, పంచె సర్దుకుని మోరీ మీద కూర్చున్నాడు. నా టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, పరీక్ష మొదలుకాకముందే నాలుగు నెత్తళ్లు పరీక్షించేశాడు. ఎన్నేళ్లయిందో పాపం, కళ్లు మూసుకుని నమిలాడు. సిస్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఉప్పు గురించి ఆ ఒక్కరోజు ఆమె ఒక్క మాటా అనలేదు.

ఊగుడుది బయటికొచ్చింది. తల ఎత్తి వాసన చూసి, కదిలింది. మూడడుగులు ముందుకు, రెండు పక్కకు. దారి మధ్యలో పడింది. పెద్దాయన గడియారం చూసుకున్నాడు, దాన్ని చూశాడు. లేచింది, కారు వైపు తిరిగింది. "అటు కాదే, ఇటు!" అని అరిచాడాయన. మళ్లీ పడింది. అంతలో పాల వ్యాన్ వచ్చింది. ఆయన డబ్బా పక్కన పెట్టి, భుజం మీద కండువా తీసి ఊపుతూ దారికి అడ్డంగా పరుగెత్తాడు. "ఆపవయ్యా, ఆపు! వస్తోంది, కనబడట్లా?" వ్యానతను ఆపి, వస్తున్నదెవరో పెద్దమనిషి అనుకుని అటూ ఇటూ చూశాడు.

ఆయన మళ్లీ వచ్చి మోరీ మీద కూర్చున్నాడు. పిల్లి ఆయన కాలికి గురిపెట్టి, గురి తప్పి, మోరీ అంచు దాకా పోయి వెనక్కి వచ్చింది. ఆయన చెప్పు మీద తల ఆనించి కాసేపు ఆయాసం తీర్చుకుంది. ఆ తర్వాతే ఆయన అందించిన నెత్తళ్ల తలకాయ తిన్నది.

ఇప్పుడాయన ఖమ్మం వెళ్లాలి. ఎంత లేదన్నా ఎదురుగా పిల్లి వచ్చింది. నా దగ్గర మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి. సిస్టరమ్మ మొహం చూసి మూడూ మింగేశాను.

ఆయన దాని తల నిమురుతూ మెల్లగా అన్నాడు. "ఇది నాకు ఎదురు రాలేదయ్యా. నా కోసం వచ్చింది. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

"కావు పెద్దయ్యా" అన్నాను. నిజం చెప్పొద్దూ, కుళ్లుకున్నాను. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదు?

ఆ రోజు జెండా పాట తన మిర్చికే దక్కిందని సాయంత్రం ఆయన చెప్పాడు. నేను వెళ్లి చూడలేదు. పున్నమి వచ్చింది, పోయింది. షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. సిస్టరమ్మ ఇప్పుడు ఉప్పులేని చేప ఉడికించి లోపలే పెడుతోంది. ఊగుడుది అది తిని, మూతి తుడుచుకుని, అలాగే రోడ్డు దాటి, మోరీ మీద కూర్చున్న నా దగ్గరికీ పెద్దాయన దగ్గరికీ వస్తుంది.

మొన్న ఒక మోటార్‌సైకిల్ మీద భార్యాభర్తలు పోతూ దాన్ని చూసి ఆగారు. "అయ్యో, పిల్లి ఎదురొచ్చింది" అని బండి తిప్పబోతుంటే, మోరీ మీదున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"పర్లేదు, వెళ్లండి. నాలుగు కాళ్ల మీద నిటారుగా దాటితేనే శకునం. ఇట్లా ఊగుతూ దాటేది దోషం అదే కడిగేసుకుంటుంది. మా తాత చెప్పేవాడు."

వాళ్లు నమ్మాలా వద్దా అన్నట్టు నా వైపు చూశారు.

"అవ్" అన్నాను. "ఆయన నోటి నుంచే నేనూ విన్న."