ఆకుపచ్చ ఉప్పు వండిన మేడమ్

మా ఆయన రాయపూర్‌లో ఒక కాలేజీ ల్యాబులో పని చేసేవాడు. అక్కడి కెమిస్ట్రీ మేడమ్ అంటే నాకు ఒళ్లు మంట. ఆవిడ ఆయన్ని భయ్యా అనే పిలిచేది, అయినా మంటే.

నేను కంచంలో పులుసు పోస్తుంటే ఈయన ఆవిడ వంట చెప్పేవాడు. రీనియం అనే లోహంతో చేసిన తెల్ల ఉప్పు ఒకటి ఉంటుందట. దాన్ని ఘాటు యాసిడ్‌లో వేసి, ఇంకేదో మందు కలిపి, సన్న సెగ మీద ఉంచాలట. చల్లారాక ఆకుపచ్చ పలుకులు అడుక్కి దిగుతాయట.

"అచ్చం మామిడి పిందె రంగే!" అనేవాడు. నేను ఏ రంగు చీర కట్టానో ఏనాడూ చూడని మనిషి.

ఒకనాడు టిఫిన్ డబ్బా ఇద్దామని నేనే వెళ్లాను. మేడమ్ కిటికీ దగ్గర ఆ ఆకుపచ్చ పలుకులున్న గాజుగొట్టం పైకెత్తి, ఒక కన్ను మూసి చూస్తోంది. పక్కన ఈయనా అలాగే, ఒక కన్ను మూసి.

"నీళ్లతో కడగరా ఆ ఉప్పుని?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నహీ దీదీ, నీళ్లు తగిలితే నల్లబడిపోతుంది. యాసిడ్‌తోనే కడగాలి."

ఈయన నవ్వాడు. ఇంట్లో నేనెప్పుడూ చూడని నవ్వు.

ఆయన పోయాక ఆవిడ మా ఇంటికొచ్చింది. ఫొటో ముందున్న ఆయన కళ్లజోడు తీసి, కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. మరక కనబడినట్టుంది, తుడుద్దామని కొంగు అందుకుంది.

"ఇటివ్వండి, అది నా పని" అని లాక్కున్నాను.

ఇప్పుడు రోజూ నేనే తుడుస్తాను. మరక పోయిందో లేదో వెలుతురుకి ఎత్తి చూస్తాను, ఒక కన్ను మూసుకునే.