గాలయ్య బొమ్మ

మెదక్‌లో గుడ్డబొమ్మలంటే ఐలవ్వవే. ఏడుపాయల జాతరకు గంపెడు తీసుకుపోతే ఉత్తగంపతో తిరిగొచ్చేది. పాత బొమ్మలు తెస్తే విప్పి మార్చి ఇచ్చేది. రజాకార్ల రోజుల్లో బొమ్మకు రూమీ టోపీ పెట్టించుకున్నవాళ్లే, పోలీసు చర్య జరిగిన నెలలోపు దానికే గాంధీ టోపీ కుట్టించుకున్నారు. ఆమె రెండూ కుట్టింది.

మొగుడు గాలయ్య అంతకుముందే కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అడవి పట్టాడు. మిలిట్రీ వచ్చాక, శంకరంపేట దగ్గర కాల్చేశారని కబురొచ్చింది. శవం రాలేదు. ఐలవ్వ గాజులు తీయలేదు.

ఏడాదికి గాలయ్య అన్న ఎల్లం బిడ్డకు పెళ్లి కుదిరింది. కర్మ చేయని చావు ఉన్న ఇంట్లో పందిరి వేయరాదన్నారు కులపెద్దలు. శవం దొరకనివాడికి బొమ్మ చేసి కాల్చాలి, దినం పెట్టాలి.

"నువ్వే చెయ్యి, ఐలవ్వా," అన్నాడు ఎల్లం.

"సచ్చింది కండ్లతోని సూసినోళ్లున్నరా, బావా?"

"బతికుంటే ఒక్క కబురన్న పంపడా? నీ ఆశకు నా బిడ్డ పెండ్లి ఆగాల్నా?"

గడ్డికట్టకు గుడ్డ చుడితే సరిపోయేది. ఐలవ్వకు అట్లా చేతకాలేదు. గాలయ్య పాత ధోతి కత్తిరించింది. అతను కుంటేవాడు గనక ఎడమకాలు పొట్టిగా కుట్టింది. చెవి కింద మచ్చ పెట్టింది.

"కాలవెట్టేదానికి గింత పనితనమేందమ్మా?" అన్నారు చూసినవాళ్లు.

వాగు ఒడ్డున బొమ్మను కాల్చారు. గాజులు పగలగొట్టారు. పెళ్లి జరిగింది.

పెళ్లయిన మూడో ఏడు, కాల్పుల్లో చావక పట్టుబడ్డ గాలయ్య జైలు నుంచి వచ్చాడు. ఎల్లం గడపకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దినమైనోడు ఇంట్లకొస్తే వంశం నిలవదురా."

గాలయ్య నవ్వాడు. "మంచిగ తిన్నరా నా దినం? యాటను గోసిండ్రా?"

"గోసినం."

లోపల నిలబడ్డ ఐలవ్వ ఉత్త చేతులు చూశాడు గాలయ్య. "బొమ్మ ఎవలు చేసిండ్రు?"

"నేనే."

"ఎట్ల చేసినవ్?"

"నీ లెక్కనే."

అతని నవ్వు ఆగింది. "ఎవలో గడ్డిమోపు కాలవెట్టుంటే నేను బతుకుదును. నువ్వు చేసినంక నేనేడ మిగుల్తనే?"

వెనక్కి తిరిగాడు. ఐలవ్వ గడప దాకా వచ్చింది. ఎల్లం చెయ్యి ఇంకా అడ్డంగానే ఉంది. తోస్తే పక్కకు పోయేదే. ఆమె తోయలేదు.

గాలయ్య రామాయంపేటలో సైకిళ్లు బాగుచేస్తూ ఇరవై ఏళ్లు బతికాడు. ఆ ఇరవై ఏళ్లూ ఐలవ్వ మెదక్‌లో అతని ముండరాలిగా బతికింది. అతను పోయాడన్న కబురొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ స్నానాలు చేయలేదు. అయిపోయిన చావుకు మైల లేదన్నాడు ఎల్లం.

ఐలవ్వ ఒక్కతే బావి దగ్గరికి పోయి తలమీద నీళ్లు పోసుకుంది.