కుడివాటం పీత

కొత్తపట్నం ఒడ్డున ప్రతి ఆదివారం బకెట్‌తో కనిపించే ఆ మాస్టారు జువాలజీ చెప్పి రిటైరైనవారు. ఖాళీ గుల్లల్లో దూరి కాపురముండే పీతల్ని పట్టి, ఏది ఏ జాతో రాసుకోవడమే ఆయన పని. ఎవరేమడిగినా "గుల్ల కాదండీ, డెక్కలు చూడండి" అనేవారు.

కరిచే డెక్కల్లో ఎడమది పెద్దదైతే ఒక కుటుంబం, కుడిది పెద్దదైతే మరొకటి. పదకొండేళ్లలో ఆయనకు దొరికినవన్నీ ఎడమవాటమే. ఆ రోజు ఒకే ఒక్క కుడివాటం దొరికింది. దాన్ని చూడటానికి ఆయన పాత శిష్యుడు, ఇప్పుడు ప్రొఫెసర్, కారులో బయల్దేరాడు.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసేవాణ్ణి, ఆదివారాలు ఆయనకు సాయంగా వచ్చేవాణ్ణి. మా దగ్గర బస్తా మీద నంబరు వేస్తే లోపలి సరుకు మారదు. ఆ ధీమాతో బకెట్‌లోని నలభై ఒక్క గుల్లలకూ పెయింటుతో నంబర్లు వేశాను. కుడివాటం పీతది ఇరవై మూడు. టీ తాగి వచ్చి చూస్తే ఇరవై మూడులో ఎడమవాటం పీత కూర్చుని ఉంది.

పక్కనే చేపలు ఎండబెడుతున్న పెద్దావిడ పకపకా నవ్వింది. "నంబరు ఇంటికేశావు గానీ ఇంట్లోవాళ్లకేశావా అబ్బాయ్? అయ్యి ఇళ్లు మార్చుకున్నాయి!"

మాస్టారు బకెట్ ముందు కూర్చున్నారు. ఒక్కో పీతనూ తీసి డెక్కలు చూడసాగారు. ముప్పై ఎనిమిదోసారి చెయ్యి పెట్టగానే కెవ్వుమన్నారు.

"కుడిదేనండీ! కుడిదే కరిచింది!"

శిష్యుడు కారు దిగేసరికి ఆయన వేలికి పీత వేలాడుతోంది.

"అయ్యో, విడిపించమంటారా సార్?"

"ముందు ఫొటో తియ్యి నాయనా. వదిలితే మళ్లీ ఇల్లు మారుస్తుంది."