కోసిన స్ప్రింగులు, మెత్తటి సీటు

1961 వేసవిలో నన్ను అనంతపురంలోని సర్కారు మోటారు వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. జిల్లాలో ప్రభుత్వ జీపులు, మోటారు సైకిళ్లు ఏవి చెడినా మా దగ్గరికే రావాలి. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్లకు పైవాడు, సూపరింటెండెంటుకు కిందివాడు. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని సంతకం పెట్టే అధికారం మాత్రం నాదే.

ఆ ఏడు వానలు లేవు. మేత లేక బక్కచిక్కిన పశువులకు ప్రాణాలు తీసే దొడ్డరోగం అంటుకుంది. యాడికి అనే ఊరి వైపు పల్లెలకు పోయి టీకాలు వేసే పని పశువైద్య శాఖలో ఖాసిం అనే ఉద్యోగిది. అతనింకా పర్మనెంటు కాలేదు. టీకా మందుకు వేడి తగిలితే అది ఒట్టి నీళ్లతో సమానం. అందుకని ఐసు ముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో పెట్టి, ట్యాంకు మీద గోనెపట్టా పరిచి కట్టుకుని, ఆఫీసు మోటారు సైకిలు మీద పోయేవాడు. ఫ్లాస్కు లోపలంతా గాజే కదా.

వరసగా మూడు ఫ్లాస్కులు పగిలాయి. నిర్లక్ష్యంగా బండి తోలుతున్నాడని వాళ్ల అధికారి చార్జీ మెమో ఇచ్చాడు. ఆ నేరం రుజువైతే ఖాసిం ఉద్యోగం ఊడినట్టే. బండిలో ఏ లోపమూ లేదని నా సంతకం కావాలంటూ, బండినిచ్చి అతన్నే వర్క్‌షాపుకు పంపారు.

పగిలిన ఫ్లాస్కును కూడా సంచిలో వేసుకొచ్చాడు. "మనిషి నడిచినంత నిదానంగా పోతాండా సార్. గుంతలో దిగితే సాలు, ముందర దబ్బుమని కొట్టుకుంటాది. ఆడ రైతులు పొద్దున్నించి ఎద్దుల్ని పట్టుకోని నిలబడి ఉంటారు. ఉత్త చేతుల్తో వాళ్లకు ఏం మొగం సూపించేది?" అన్నాడు.

ముందు ఫోర్కు విప్పించాను. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే రెండు గొట్టాలే ఫోర్కు. ఒక్కో గొట్టంలో పొడవాటి స్ప్రింగు, కాస్త ఆయిలు ఉంటాయి. దెబ్బ తగిలితే స్ప్రింగు అణుగుతుంది. అది ఒక్కసారిగా అణగకుండా, ఒక్కసారిగా ఎగరకుండా ఆయిలు నిలువరిస్తుంది. ఈ బండిలో రెండు స్ప్రింగులనూ పైనుంచి రంపంతో కోసేశారు. కోత ఇంకా మెరుస్తూనే ఉంది. బండి ముందుభాగం కిందికి దిగింది గానీ, ఇక అణగడానికి చోటు మిగల్లేదు. ఇనుము పోయి ఇనుముకు తగిలి, ఆ దెబ్బంతా గాజు మీద పడుతోంది.

ఎవరు కోయించారని అడిగితే ఖాసిం చాలాసేపు నసిగి, చివరికి వాళ్ల అధికారి పేరే చెప్పాడు. ఆయన పొట్టి మనిషి. సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు. అందుకని బజారులో ఎవరిచేతనో ఫోర్కు దించేయించాడు. ఆయన ఆ బండెక్కేది ఆదివారం సాయంత్రం, తారురోడ్డు మీద, క్లబ్బు దాకా. తక్కిన రోజులన్నీ ఖాసిం దాన్ని వేసుకుని బండ్లబాటల్లో, వంకల్లో పడి తిరగాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన ఆఫీసుకే పోయి, కొత్త స్ప్రింగులు వేస్తాననీ, సీటులోని పీచు కొంత తీసి పలచన చేస్తే కాళ్లు చక్కగా ఆనుతాయనీ మర్యాదగానే చెప్పాను.

"సీటు జోలికి మాత్రం వెళ్లకండి. నాకు నడుంనొప్పి" అన్నాడాయన. "ఆ ఫోర్కునే ఏదో సర్దేసి సంతకం పెట్టండి."

పల్లెల్లో పశువులు కూలిపోతున్నాయి, ఒక మనిషి బతుకుతెరువు పోబోతోంది. ఈయనకు నడుం కింద మెత్తగా ఉండాలి! లేచి బయటికొచ్చాను.

అయినా సర్దే ప్రయత్నం చేశాను. స్ప్రింగు మీద గొట్టం ముక్క పెడితే బండి మళ్లీ లేస్తుంది, అది ఆయనకు పనికిరాదు. మిగిలింది ఆయిలే. చిక్కటి ఆయిలు పోయించి, వర్క్‌షాపు ఫ్లాస్కులో నీళ్లు నింపి ట్యాంకు మీద కట్టి, ఖాసింను వెనక కూర్చోబెట్టుకుని ఊరి బయటి బండ్లబాటలో నేనే నడిపాను. మొదటి గుంత బాగానే దాటాం. కానీ చిక్కటి ఆయిలుకు ఫోర్కు తిరిగి లేవడం ఆలస్యమై, అణిగింది అణిగినట్టుండగానే రెండో గుంత వచ్చింది. ఆ తర్వాతి గుంతలో ఫ్లాస్కు లోపల గలగలమంది.

బండి ఆపాను. ఖాసిం దిగి, ఫ్లాస్కు ఊపి చూసి, "ఇంక మీకూ మెమో ఇస్తారేమో సార్" అన్నాడు.

సంతకం పెట్టలేదు. స్ప్రింగులు కోసి ఉన్నాయనీ, కోయించింది ఫలానా అధికారి అనీ, నాలుగో ఫ్లాస్కును పగలగొట్టింది నేనేననీ రిపోర్టు రాసి, ఆ అధికారి పైఅధికారులకు పంపాను. కోసిన స్ప్రింగులూ, పగిలిన ఫ్లాస్కూ దానికి జతచేశాను.

కొత్త స్ప్రింగులకు అనుమతి వచ్చింది. ఖాసిం మీద మెమో రద్దయింది, ఉద్యోగం నిలిచింది. అయితే ఆ రద్దు చేసిన ఉత్తర్వులోనే 'ఇకమీదట బండిని జాగ్రత్తగా నడుపవలెను' అని అతనికి హెచ్చరిక కూడా రాశారు. స్ప్రింగులు కోయించిన పెద్దమనిషికి ఒక్క ముక్క రాయలేదు. మందు చేరక చచ్చిన ఎద్దుల సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఇన్నేళ్లయినా ఆ హెచ్చరిక తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

బండిని మార్చమనేది ఒకరు, దాన్ని రోజూ తోలేది ఒకరు అయిన చోట దెబ్బ తగిలేది తోలేవాడికేనని అప్పుడు తెలుసుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎంత పెద్ద అధికారి చీటీ పంపినా సరే, ఆ బండిని రోజూ తోలే మనిషి వచ్చి నా ముందు నిలబడితే తప్ప దాని మీద స్పానరు పెట్టనివ్వలేదు.