తీగ అందని చోటు

పోయిన మంగళవారం పొద్దున్న మా చిన్నాన్న చనిపోయారు. బజారు నుంచి కూరగాయలు తెచ్చి, ఇంటి గేటు తీస్తూ కుప్పకూలిపోయారట. నేను ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న హిజ్లీలో, మా ప్రయోగశాలలో ఉన్నాను. ఫోనులో చిన్నమ్మ ఒక్క మాటే అంది. "మీ సిన్నాన్న ఎలిపోనాడమ్మా."

రైళ్లకు కరెంటు అందించే పై తీగల పని ఆయనది. రిటైరయ్యేదాకా అదే పని. మీలో ఎవరైనా ఖరగ్‌పూర్ మీదుగా రైల్లో వెళ్లి ఉంటే, ఆయన సరిచేసిన తీగ కిందుగానే వెళ్లి ఉంటారు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, రెండుసార్లు చూసుకునేవారు. "తీగకి మన మొకం గుర్తుండదమ్మా" అనేవారు. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే.

హైడ్రోజన్ మీద పరిశోధనలో ఉద్యోగం వచ్చినప్పుడు ముందు ఆయనకే చెప్పాను. ఇకమీదట బస్సులన్నీ దాంతోనే నడుస్తాయని గొప్పగా అన్నాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"ఆ గ్యాసు ఏటితో సేత్తారు?"

"కరెంటుతో నీళ్లని విడగొట్టి."

"బస్సులో మల్లీ దాన్ని కరెంటు సేత్తారా? ఎంత మిగుల్తాది?"

"సగం కూడా మిగలదు" అన్నాను, గొంతు తగ్గించి.

"మరి ఆ కరెంటేదో తిన్నగా బస్సుకే ఇచ్చీరాదా? తీగ అందని కాడ వాడుకోండి మీ గ్యాసు."

నాకు ఉక్రోషం వచ్చింది. "నువ్వు తీగలు కట్టినావు గాని సైన్సు సదవలేదు కదా, సిన్నాన్నా" అనేశాను. ఆయన కంచం కడిగి బోర్లించి, వీధిలోకి వెళ్లిపోయారు.

రెండు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. ఒకసారి ఆయనే ఫోను చేశారు. "సాలువా నించి సెరువు సేపలు తెచ్చినాను. వత్తావా?" పని ఉందన్నాను. నిజంగా పనేమీ లేదు.

ఆ రెండు నెలల్లోనే మేము లెక్కలు కట్టాం. అంతే కరెంటుతో బ్యాటరీ బస్సు, హైడ్రోజన్ బస్సు కన్నా రెట్టింపుకు పైగా దూరం పోతుంది. అయితే ఇనుప ఖనిజాన్ని బొగ్గు లేకుండా ఇనుముగా మార్చాలంటే హైడ్రోజన్ నిజంగా పనికొస్తుంది. ఊరి బస్సులకు కరెంటే మేలని నివేదికలో నేనే రాశాను. రాస్తున్నంతసేపూ ఆ మాట ఆయన గొంతులోనే వినిపించింది. ఆదివారం వెళ్లి, తప్పు నాదేనని చెప్పాలనుకున్నాను. మంగళవారమే ముందొచ్చింది.

నిన్న చిన్నమ్మ ఆయన పాత ఖాకీ చొక్కాలు మడతపెడుతోంది. ప్రతి చొక్కాకీ కుడి భుజం దగ్గర, తాడు చుట్ట మోసిన చోట, గుడ్డ అరిగి పలచబడి ఉంది. ఒక చొక్కాను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. భుజం దగ్గర ఎండ ఇవతలికి కనిపించింది. ఆమె చాలాసేపు దాన్ని దించలేదు.