మావయ్య కోసం పరుగు మొక్కు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత సంగతేం కాదు లెండి, చేతికి స్మార్ట్‌ఫోను వచ్చాకే, ఎంత పరిగెడితే ఒంట్లో అంత రోగనిరోధక శక్తి పోగవుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి నమ్మని వెర్రి ఉండదు.) నాకు పరుగు నేర్పింది బాపట్లలో డ్రిల్లు మాస్టారుగా చేసిన మా మేనమామ. ఆయనకు రక్త క్యాన్సరు వచ్చి తెనాలిలో ఆసుపత్రిలో చేరారు. మందులవల్ల రోగాలనుంచి ఒంటికుండే కాపుదల పడిపోయిందనీ, చిన్న జలుబు సోకినా ప్రమాదమనీ డాక్టరు చెప్పారు. మూడు వారాలు పోయాక ఒక ఆదివారం ఒక్కరినే, అదీ పది నిమిషాలు, లోపలికి పంపుతామన్నారు. మావయ్య నా పేరు చెప్పారట.

బస్సెక్కి వెళ్తే సరిపోయేది. కానీ ఆయనకు తగ్గాలని, రేపల్లెలో మా ఇంటినుంచి తెనాలిదాకా పరిగెత్తి వస్తానని మొక్కేసుకున్నాను. కొందరు కొండ మెట్లు మోకాళ్ళమీద ఎక్కుతారు కదా, నాదీ ఆ రకం భక్తే, కాకపోతే బూట్లతో. ఆ మూడు వారాలూ పొద్దునా సాయంత్రం పరిగెత్తాను. నిద్ర తగ్గించాను, అన్నం మాని మొలకలు నమిలాను. ఆదివారం తెల్లవారుతుండగా గడప దాటబోతూ తుమ్మాను.

"ఒంటి తుమ్మురా, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు," అంది అమ్మ.

అంతలో రెండోది వచ్చింది. "రెండయ్యాయిగా, ఇంక శుభమే," అన్నాను. అమ్మ కూడా సంతోషించింది. జలుబు సంగతి ఇద్దరికీ తట్టలేదు.

దారిలో ఒక పెద్దాయన మోటారుసైకిలు ఆపి, "ఏంటి బాబూ, బస్సు తప్పిపోయిందా? ఎక్కు, దింపుతాను," అన్నారు. మొక్కండీ అంటే దండం పెట్టి వెళ్ళిపోయారు. తెనాలి చేరేసరికి ముక్కు కారుతోంది, ఒళ్ళు కాలుతోంది.

డాక్టరు గుమ్మంలోనే ఆపేసి, నా పరుగు కథంతా విన్నారు. "నిద్ర లేకుండా, శక్తికి మించి పరిగెడితే మీ కాపుదల కూడా కొన్నాళ్ళు తగ్గొచ్చు బాబూ. లోపలికి వీల్లేదు."

"నువ్వొచ్చి తినిపిస్తావని మీ మావయ్య పొద్దున్నుంచి ఇడ్లీ ముట్టలేదురా," అంది అత్తయ్య. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది.

గది అద్దం అవతలినుంచి మావయ్య నాకు ఫోన్ చేశారు. "ఒరే అల్లుడూ, బస్సెక్కి రావచ్చు కదరా," అని నవ్వారు. నేను మళ్ళీ తుమ్మాను. నా జలుబు వారానికి తగ్గింది. ఆయన ఆరో రోజునే పోయారు.

ముప్పై అయిదుకే నాకు పొట్ట వచ్చింది. రోజూ అరగంట నడిచి చాలనుకుంటాను. మైదానంలో రొప్పుతూ పరిగెత్తే కుర్రాళ్ళని ఆపి, "రాత్రి సరిగ్గా పడుకున్నారా?" అని అడుగుతాను. అంకుల్ చాదస్తమని వాళ్ళు నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. ఏడిస్తే కారణం చెప్పాల్సి వస్తుంది.