ఆగని తాళం

సత్తెనపల్లి అవతల మా ఊరి చర్చిలో హార్మోనియం రెబ్కాది, డోలక్ ఆమె మొగుడు దానయ్యది. వారమంతా ఇద్దరూ పత్తిచేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆదివారం మాత్రం అందరికంటే ముందు చాప మీద పక్కపక్కనే కూర్చునేవాళ్లు. మా సంఘం పాట సంగతి బయట చెప్పుకోకూడదు గానీ, చెబుతాను. చరణం చివర ముసలమ్మలు రాగం తీశారంటే అది మిరప కళ్లం దాకా పోయి తిరిగి రావాలి. వాళ్లు వచ్చేదాకా దానయ్య చెయ్యి ఎత్తిపట్టి ఆగేవాడు. ఆ చేతిని చూసుకునే రెబ్కా తరువాతి చరణం ఎత్తుకునేది.

ఎనభై ఆరులో పచ్చకామెర్లు వచ్చి దానయ్య పోయాడు. రెబ్కా ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, ఇంటికొచ్చీ ఏడవలేదు. అన్నం పెడితే తినేది, చేనికి పిలిస్తే వెళ్లేది. గుండె రాయి చేసుకుందన్నారు కొందరు. రాయీ లేదు, పాడూ లేదు. ఆమెకు ఏమీ అనిపించడం లేదు, అంతే.

"ఏడుపు రావట్లేదమ్మగారూ. మొగుడు పోతే కన్నీళ్లు రానిదాన్ని, నేనేం మనిషినండీ?" అని పాస్టరుగారి భార్య ప్రేమమ్మ గారిని అడిగింది. ఆ భయం ఒక్కటే ఆమెలో మిగిలింది.

క్రిస్మస్‌కు ముందు సంఘ పెద్ద సంజీవరావు గారు మద్రాసు నుంచి ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చారు. కొత్త పెళ్లికొడుకును చూపినట్టు అందరికీ చూపించారు.

"హార్మోనియంలాగా తిత్తి ఆడించే పన్లేదు. ఈ మీట నొక్కితే ఫ్లూటు, ఇది నొక్కితే వయొలిన్. ఇదిగో, ఇది నొక్కావంటే తాళం కూడా అదే వేసుద్ది. వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంక డోలక్ మనిషిని ఎతుక్కునే పన్లేదమ్మా రెబ్కా!"

మనిషి మంచివారే. ముందూ వెనకా చూసుకోకుండా మాట్లాడటం మాత్రం పుట్టుకతో వచ్చింది. రెబ్కా "సరేనండి" అంది.

ఆదివారం ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. కుడిచెయ్యి నలుపూ తెలుపూ మెట్ల మీద బాగానే నడిచింది. ఎడమచెయ్యి పెట్టె వెనక్కి పోయి, లేని తిత్తి కోసం తడుముకుని, ఒళ్లో పడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె మొహం మారలేదు. తాళం మీట నొక్కింది.

చరణం చివర ముసలమ్మలు అలవాటు ప్రకారం రాగం తీశారు. తాళం ఆగలేదు. వాళ్లు సగం దారిలో ఉండగానే అది టకటకా ముందుకు పోయింది. రెబ్కా మెట్ల మీద నుంచి చెయ్యి తీసేసింది. పక్కకు తిరిగి, గట్టిగానే అంది.

"కాస్త ఆగవయ్యా, పెద్దోళ్లు వస్తన్నారుగా!"

పాట ఆగిపోయింది. పక్కన చాప ఖాళీగా ఉంది. రెబ్కా దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడ నొక్కితే తాళం ఆగుతుందో తెలియక ప్రేమమ్మ గారు లేచి వైరు లాగేశారు.

అప్పుడు రెబ్కా నోరెత్తి ఏడ్చింది. ఊరుకోమని మాలో ఎవరూ అనలేదు.